మీ ప్రశ్నలు, డాక్టర్ జవాబులు: రిపోర్టులన్నీ నార్మల్, ఆయాసం మాత్రం తగ్గడం లేదు

ఆయాసం గురించి, గుండె దడ గురించి ఈ శీర్షికకు ఉత్తరాలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. పరీక్షలన్నీ చేయించుకున్నామని, ఏమీ లేదన్నారని, బాధ మాత్రం పోలేదని వాటిలో చాలామంది రాస్తారు. అలాంటి ఐదు ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు. ఉత్తరం చదివి జబ్బు నిర్ధారించడం ఏ వైద్యునికీ సాధ్యం కాదు కాబట్టి, మీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏం చెప్పాలో, ఏం అడగాలో తెలుసుకోవడానికి ఈ జవాబులను వాడుకోవలసిందిగా మనవి.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 36 ఏళ్లు. మలక్‌పేటలో ఉంటున్నాను, ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఏడాదిన్నరగా ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు, మెడ దగ్గర ఏదో గట్టిగా కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఒక్కోసారి పది నిమిషాల్లో తగ్గుతుంది, ఒక్కోసారి అరగంట పడుతుంది. పది పదిహేను రోజులకు ఒకసారి ఇలా అవుతోంది. పాఠం చెబుతుండగా వచ్చింది, ఖాళీగా కూర్చున్నప్పుడు వచ్చింది, నిద్రలోనూ వచ్చింది. ఇది కాక మెట్లెక్కితే వచ్చే ఆయాసం వేరే ఉంది. మెట్రో స్టేషన్ మెట్లు ఒక్క ఊపున ఎక్కలేకపోతున్నాను. ఈసీజీ రెండుసార్లు, ఎకో ఒకసారి తీశారు, అన్నీ నార్మల్ అన్నారు. టెన్షన్ తగ్గించుకోమని చెప్పి నిద్రమాత్రలు రాశారు. ఇప్పుడు ఇంట్లో నన్నెవరూ నమ్మడం లేదు. పని ఉన్నప్పుడే నీకు దడ వస్తుందని మా అత్తగారు అంటున్నారు. నిజంగా ఇదంతా నా మనసు కల్పించుకుంటున్నదేనా? (ఒక పాఠకురాలు, మలక్‌పేట)

జవాబు: అమ్మా, మీ బాధ నిజమైనదే. దాని కారణం గుండెలో ఉందా, రక్తంలో ఉందా, మనసులో ఉందా అన్నది ఇంకా తేలవలసిన విషయం. బాధ ఉందా లేదా అన్నదానిలో మాత్రం సందేహానికి తావు లేదు. ఉన్నట్టుండి వచ్చే దడ ఒకటి, మెట్లెక్కితే వచ్చే ఆయాసం ఒకటి అని మీరే విడదీసి రాశారు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు కూడా ఇలాగే చెప్పండి, ఎందుకంటే ఈ రెండింటికీ ఒకే కారణం ఉండాలని లేదు, రెండూ కలిపి చెప్పినప్పుడే ‘నీరసం, టెన్షన్’ అన్న మాటకు దారి పడుతుంది.

ముందుగా దడ సంగతి చూద్దాం. ఆసుపత్రిలో తీసే మామూలు ఈసీజీ కాగితం మీద ఉండేది సుమారు పది సెకన్ల గుండె లయ. పది రోజులకు ఒకసారి అరగంట సేపు వచ్చే దడ, మీరు బల్ల మీద నిమ్మళంగా పడుకున్న ఆ పది సెకన్లలో దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఎకో పరీక్ష గుండె కండరం, కవాటాలు ఎలా ఉన్నాయో చూపిస్తుంది. చిన్నతనంలో కీళ్లవాతపు జ్వరం వచ్చి కవాటం సన్నబడిపోయిన ఆడపిల్లలు మన దేశంలో ఇప్పటికీ కనిపిస్తున్నారు, పెళ్లయి గర్భం దాల్చాక గాని వారిలో కొందరి ఆయాసం బయటపడదు. మీకు ఆ జబ్బు లేదని ఎకో చెప్పింది, అది మంచి వార్త. గుండె లయ తప్పుతోందా అన్న ప్రశ్నకు మాత్రం ఎకో జవాబు చెప్పలేదు. అందుచేత మీ రిపోర్టులు తప్పు కాకపోయినా, మీ ప్రశ్నకు సంబంధించిన పరీక్ష ఇంకా జరగలేదని నా అభిప్రాయం.

మీరు వర్ణించిన తీరు, అంటే స్విచ్చు వేసినట్టు ఉన్నట్టుండి మొదలవడం, మెడలో కొట్టుకోవడం, కూర్చున్నప్పుడూ నిద్రలోనూ రావడం, ఎస్‌వీటీ అని వైద్యులు పిలిచే లయ లోపాన్ని గుర్తుచేస్తోంది. గుండె పైగదుల దగ్గర ఉండవలసిన విద్యుత్ దారికి తోడు అదనంగా మరొక దారి ఉన్నప్పుడు, విద్యుత్ సంకేతం ఆ రెండింటి మధ్య గిరగిరా తిరుగుతూ గుండెను నిమిషానికి 150 నుంచి 220 సార్లు కొట్టుకునేలా చేస్తుంది. తగ్గిన వెంటనే కొందరికి ఎక్కువగా మూత్రం వస్తుంది. మీకూ అలా అవుతోందేమో గమనించండి. దడ లేనప్పుడు తీసిన ఈసీజీ చాలామందిలో పూర్తిగా మామూలుగానే ఉంటుంది. అమెరికాలో 1997లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ జబ్బు చివరకు నిర్ధారణ అయిన 107 మందిని పరిశీలిస్తే, వారిలో 59 మందికి మొదటి పరీక్షల్లో జబ్బు పట్టుబడలేదు. దడను గాబరా జబ్బుగానో, ఒత్తిడిగానో లెక్కకట్టడం మగవారి కంటే ఆడవారి విషయంలోనే ఎక్కువగా జరిగిందని కూడా అందులో తేలింది. మీకు జరుగుతున్నది ఇదేనని నేను అనడం లేదు. ఇది కాదని తేల్చకుండా టెన్షన్ అని తీర్పు చెప్పడం సరికాదని మాత్రం గట్టిగా అంటాను.

తేల్చడానికి ఒకటే మార్గం, దడ వచ్చిన సమయంలోనే గుండె లయను నమోదు చేయడం. ఒంటికి తగిలించుకుని ఇంటికి వెళ్లే హోల్టర్ యంత్రం 24 గంటలు గాని, 48 గంటలు గాని నమోదు చేస్తుంది. నార్మన్ హోల్టర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గత శతాబ్దం నలభైలలో తయారు చేసిన తొలి యంత్రం దాదాపు 38 కిలోల బరువుండేదట, వీపున మోయవలసి వచ్చేది. ఇప్పుడది జేబులో పట్టేస్తుంది. కాని మీ దడ పది పదిహేను రోజులకు ఒకసారి వస్తుంది కనుక, ఒక్కరోజు హోల్టర్ పెడితే మళ్లీ ‘నార్మల్’ అనే రిపోర్టే చేతికి రావచ్చు. వారం, రెండు వారాల పాటు ఉంచే లూప్ రికార్డర్ గురించి మీ గుండె డాక్టరును అడగండి. ఈసీజీ తీయగల చేతి గడియారాలు కూడా ఇప్పుడు వచ్చాయి. దడ ఉన్నప్పుడు అందులో తీసిన ముప్పై సెకన్ల గీత చాలాసార్లు డాక్టరుకు దారి చూపిస్తుంది. అవేవీ లేకపోతే, దడ మొదలవగానే దగ్గరలోని ఏ ఆసుపత్రికైనా ఆటోలో వెళ్లి, అది తగ్గకముందే ఈసీజీ తీయించుకోండి. నమోదులో ఎస్‌వీటీ అని తేలితే భయపడనక్కరలేదు. మందులున్నాయి. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని తీగను పంపి, అదనపు దారిని వేడితో మూసివేసే చికిత్స కూడా ఉంది. అది చాలామందికి శాశ్వతంగా నయం చేస్తుంది, హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రుల్లో దీన్ని చేసే ఎలక్ట్రోఫిజియాలజీ నిపుణులు ఉన్నారు.

ఇక మెట్ల మీద ఆయాసం. ఇన్ని పరీక్షలు చేయించుకున్న మీ ఉత్తరంలో హిమోగ్లోబిన్ ఊసే లేకపోవడం నన్ను కలవరపెట్టింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తి తగ్గితే, ఉన్న రక్తాన్నే త్వరత్వరగా తిప్పి లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుతుంది. అందువల్ల మెట్లెక్కితే ఆయాసం, దడ రెండూ వస్తాయి. అది నెలల తరబడి కొంచెం కొంచెంగా దిగజారుతుంది కాబట్టి ‘నాకు ఓపిక తగ్గింది’ అని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆ మాట సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ పరీక్ష కూడా చేయిస్తే ఒంట్లో ఇనుము నిల్వలు ఎంత ఉన్నాయో తెలుస్తుంది. ఇనుము మాత్రలు వాడవలసి వస్తే, భోజనం చేసిన వెంటనే చాయ్ తాగే అలవాటు మానుకోవాలి. చాయ్‌లోని పదార్థాలు ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. అన్నం తిన్నాక గంటసేపు ఆగి తాగితే చాలు, మన ఊళ్లో చాయ్ మానమని ఎవరికైనా చెప్పడం నాకూ కష్టమే.

థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష కూడా తప్పక చేయించండి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే దడ, చేతుల వణుకు, చెమటలు, బాగా తింటున్నా బరువు తగ్గడం కనిపిస్తాయి. ఇవేవీ ఖరీదైన పరీక్షలు కావు. బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే ప్రభుత్వ ల్యాబులో ఉచితంగా చేస్తారు.

మీ అత్తగారి మాటకు కూడా జవాబు చెప్పాలి. గాబరా జబ్బు నిజంగా ఉండే జబ్బే, దానికీ చక్కని చికిత్సలు ఉన్నాయి. కాని దాన్ని దాని లక్షణాలను బట్టి నిర్ధారించాలి, ఏ కారణమూ దొరకనప్పుడు అంటగట్టే పేరుగా వాడకూడదు. గాబరా సాధారణంగా కొద్ది నిమిషాల్లో పెరిగి పతాక స్థాయికి చేరుతుంది. చచ్చిపోతానేమోనన్న భయం బలంగా ఉంటుంది, పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిర్లు వస్తాయి. తగ్గడం కూడా మెల్లమెల్లగానే తగ్గుతుంది. ఒకే మనిషికి లయ లోపం, గాబరా రెండూ ఉండవచ్చు. ఉన్నట్టుండి గుండె 180 సార్లు కొట్టుకుంటే ఎవరికైనా భయం వేస్తుంది కదా. పాఠం చెబుతుండగా, నిద్రపోతుండగా వచ్చే దడను పని తప్పించుకునే సాకు అనడం మీ పట్ల అన్యాయం. వీలైతే ఈ జవాబును మీ ఇంట్లో అందరి చేతా చదివించండి.

ప్రశ్న: సర్, నా వయసు 25. గ్రూప్స్‌కు చదువుతూ అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటున్నాను. గత వర్షాకాలంలో వైరల్ జ్వరం వచ్చి తగ్గింది. అప్పటి నుంచి, అంటే ఆరు నెలలుగా, లేచి నిలబడితే గుండె పరిగెడుతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి, ఊపిరి చాలనట్టు ఉంటుంది. మెస్‌లో వరుసలో నిలబడలేను. పడుకుంటే అంతా బాగుంటుంది. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా కూర్చోగలిగేవాడిని, ఇప్పుడు రెండు గంటలకే మెదడు మొద్దుబారిపోతోంది. రక్తపరీక్షలు, ఎక్స్‌రే, ఈసీజీ, ఎకో అన్నీ బాగున్నాయి. చదువు భయం వల్లే ఇలా ఉందని అంటున్నారు.

జవాబు: బాబూ, మీరు రాసిన వాటిలో ‘నిలబడితే’, ‘పడుకుంటే’ అన్న రెండు మాటలే నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించాయి. చదువు భయం పడుకున్నంత మాత్రాన పోదు. మనం లేచి నిలబడినప్పుడు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకి, కడుపులోకి దిగుతుంది. వెంటనే రక్తనాళాలు బిగుసుకుని దాన్ని పైకి నెట్టాలి. ఆ పని సరిగా జరగకపోతే మెదడుకు రక్తం తగ్గకుండా చూడడానికి గుండె ఒక్కటే వేగం పెంచుకుంటూ పోతుంది. ఈ స్థితికి పోట్స్ అని పేరు. ఈ పేరు 1993 నుంచి వాడుకలో ఉంది. వైరల్ జ్వరాల తర్వాత ఇది మొదలవడం వైద్యులకు ముందు నుంచీ తెలుసు, కోవిడ్ తర్వాత మరింత మందిలో చూశాం. ఆడపిల్లల్లో ఎక్కువ, కాని మగపిల్లలకు రాదని కాదు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అవసరం లేదు, అందుకే కాబోలు చాలాచోట్ల చేయరు. మీ డాక్టరును ఈ పరీక్ష చేయమని అడగండి. పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి నాడిని, రక్తపోటును చూడాలి. ఆపై నిలబెట్టి, కదలకుండా ఉంచి, ఒకటో, మూడో, ఐదో, పదో నిమిషాల్లో మళ్లీ చూడాలి. రక్తపోటు పెద్దగా పడిపోకుండానే గుండె వేగం పడుకున్నప్పటి కంటే 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగి, అలాగే ఉండి, మూడు నెలలకు పైగా ఈ బాధలు ఉంటే పోట్స్ అని అనుకోవాలి. పంతొమ్మిదేళ్లలోపు వారికి ఆ హద్దు 40. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే అది వేరే సమస్య. ఇంట్లో మీరే చేసి చూడాలనుకుంటే పక్కన మనిషి లేకుండా చేయవద్దు, పడిపోయే ప్రమాదం ఉంది.

నిర్ధారణ అయితే చికిత్స నీళ్లతో, ఉప్పుతో మొదలవుతుంది. రోజుకు రెండు నుంచి మూడు లీటర్ల నీరు తాగాలి. అందరూ రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఈ రోగులకు మాత్రం పది గ్రాముల దాకా తినమని చెబుతాం. అయితే బీపీ గాని, మూత్రపిండాల జబ్బు గాని ఉన్నవారు దీన్ని అనుకరించరాదు, మీరు కూడా డాక్టరు అనుమతితోనే మొదలుపెట్టాలి. పొద్దున మంచం మీద నుంచి లేవకముందే రెండు గ్లాసుల నీళ్లు తాగి, కాసేపు కూర్చుని, ఆ తర్వాత నిలబడండి. వరుసలో నిలబడక తప్పనప్పుడు పిక్కలు బిగించి వదులుతూ ఉండండి, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసి నిలబడినా మేలే. ఒకేసారి కడుపునిండా అన్నం తింటే రక్తం పొట్ట వైపు మళ్లి బాధ ఎక్కువవుతుంది కాబట్టి కొంచెం కొంచెం నాలుగైదు సార్లు తినండి. నడుము దాకా వచ్చే బిగుతు మేజోళ్లు ఉపయోగపడతాయి గాని, హైదరాబాదు ఎండాకాలంలో వాటిని వేసుకోవడం కష్టమని నాకు తెలుసు. పొద్దుటి పూట, నిలబడే సమయంలో వేసుకుంటే చాలు. వేడినీళ్ల స్నానం, మే నెల ఎండ మీకు శత్రువులు.

వ్యాయామం మందుతో సమానం, కాని పరుగుతో మొదలుపెట్టవద్దు. పడుకుని కాళ్లు కదిపే వ్యాయామాలు, కూర్చుని తొక్కే సైకిలు, ఈత, వీటితో మొదలుపెట్టి నెలల మీద నిలబడి చేసేవాటికి రావాలి. వ్యాయామం చేసిన మర్నాడు మంచం దిగలేనంత నీరసం వస్తుంటే బలవంతంగా పెంచుకుంటూ పోకుండా డాక్టరుకు చెప్పండి. వీటితో చాలకపోతే గుండె వేగం తగ్గించే మందులు తక్కువ మోతాదులో ఇస్తారు. కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు పడుతుంది. చాలామంది మెరుగవుతారు. ఈ ఏడాది పరీక్ష రాయగలనా అని మీరు అడగలేదు గాని, ఆ ప్రశ్న మీ ఉత్తరమంతా పరుచుకుని ఉంది. పడుకుని, వెనక్కి వాలి చదివే ఏర్పాటు చేసుకోండి. రోజుకు పది గంటల లెక్క కొంతకాలం పక్కన పెట్టండి.

ప్రశ్న: నా భార్యకు దడ, ఆయాసం వచ్చినప్పుడు నాకు చేతులు ఆడవు. ఆ సమయంలో నేను ఏం చేయాలి? నోటికి కాగితపు సంచి పెట్టి ఊపిరి పీల్చమంటే తగ్గుతుందని ఎవరో చెప్పారు, నిజమేనా? (బోడుప్పల్)

జవాబు: కాగితపు సంచి పద్ధతి వద్దు. ఆయాసానికి కారణం ఉబ్బసమో, గుండెజబ్బో, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డో అయితే, ప్రాణవాయువు మరింత తగ్గి ప్రాణం మీదికి వస్తుంది. ఆమెను వెనక్కి ఆనించి కూర్చోబెట్టండి, చుట్టూ గుమిగూడిన వారిని పంపేయండి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. లయ ఒకే తీరున ఉందా, అడ్డదిడ్డంగా ఉందా గమనించండి. ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి తగ్గింది, అప్పుడు ఏం చేస్తోంది, ఇవి ఒక పుస్తకంలో రాసిపెట్టండి. ముక్కుతో మెల్లగా పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువ సేపు బయటికి వదలమనండి, మీరూ పక్కన కూర్చుని అలాగే చేయండి. ‘ఏం కాదులే’ అని పదేపదే అనడం కంటే ‘నేను ఇక్కడే ఉన్నాను’ అనడం మేలు.

కొన్ని సందర్భాల్లో మాత్రం లెక్కలు, పుస్తకాలు పక్కన పెట్టి 108కి ఫోను చేయండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం, ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి అది ఎడమ చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం, పెదవులు నీలంగా మారడం, దగ్గితే రక్తం పడడం, ఒక కాలి పిక్క వాచి నొప్పిగా ఉండి ఆయాసం రావడం, ఇవి అలాంటివి. కాన్పయిన కొత్తలోను, ఆపరేషన్ అయిన కొత్తలోను, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు ఈ చివరి రెండింటినీ అసలు తేలికగా తీసుకోవద్దు. ఆక్సీమీటర్ ఉంటే 95 పైన ఉండడం మామూలు. గోళ్లరంగు తీసి చూడండి. అంకె బాగుందని పైన చెప్పిన లక్షణాలను పట్టించుకోకుండా ఉండవద్దు. ఆమె కుటుంబంలో నలభై ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉంటే ఆ మాట డాక్టరుకు మొట్టమొదటే చెప్పాలి.

ప్రశ్న: వయసు 48. ఉప్పల్‌లో ఉంటాను. చలికాలంలో రాత్రుళ్లు ఆయాసం, పిల్లికూతలు. ఊపిరితిత్తుల పరీక్ష పగలు చేస్తే నార్మల్ వచ్చింది. ఇన్‌హేలర్ పీల్చితే గుండె దడ. దడకు మా బంధువు వాడే ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకోవచ్చా? ఈ జూన్‌లో చేప ప్రసాదానికి వెళ్లాలనుకుంటున్నాను, మీ సలహా ఏమిటి?

జవాబు: ఆ మాత్ర వేసుకోవద్దు. ప్రొప్రనొలాల్ గుండె వేగం తగ్గించే మందు, ఉబ్బసం ఉన్నవారికి అది శ్వాసనాళాలను బిగించి ప్రమాదం తెచ్చిపెట్టగలదు. మీకు దడ తెప్పిస్తున్నది బహుశా ఇన్‌హేలర్‌లో ఉండే, శ్వాసనాళాలను విప్పే సాల్బుటమాల్ మందు, ఆ దడ కాసేపటికి తగ్గిపోతుంది. కాని దాన్ని తరచుగా వాడవలసి వస్తోందంటే ఉబ్బసం అదుపులో లేదని అర్థం. ఉపశమనపు ఇన్‌హేలర్ ఒక్కదానితోనే నెట్టుకురాకూడదని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి, శ్వాసనాళాల వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తోడుగా ఉండాలి. పగటి పరీక్ష నార్మల్ రావడం ఉబ్బసంలో మామూలే. ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం కొనుక్కుని రెండు వారాలు ఉదయం, రాత్రి ఊది అంకెలు రాసుకుని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి గాని, మీకు దగ్గరి శ్వాసకోశ నిపుణుల దగ్గరికి గాని తీసుకువెళ్లండి.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొరమీను పిల్లతో ఇచ్చే ప్రసాదానికి దేశం నలుమూలల నుంచి జనం వస్తారు, వారి నమ్మకాన్ని నేను చిన్నబుచ్చను. ఉబ్బసం దానితో నయమవుతుందని రుజువు చేసిన వైద్య పరీక్షలు లేవు. వెళ్లదలచుకుంటే ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వెళ్లండి, వెళ్లివచ్చాక కూడా మానవద్దు. ఆ రోజు ఆయాసం ఉంటే ప్రయాణమే మానుకోండి.

ప్రశ్న: నేను 47 ఏళ్ల మహిళను, సికింద్రాబాదులో బ్యాంకు ఉద్యోగం. మూడేళ్లుగా దడ, ఆయాసం. గుండె ఒక్కక్షణం ఆగి, దబ్బుమని మళ్లీ కొట్టుకున్నట్టు ఉంటుంది. లోతుగా ఊపిరి పీల్చినా నిండినట్టు అనిపించదు. మీరు ఈ శీర్షికలో ఇంతకుముందు చెప్పిన పరీక్షలన్నీ, రెండు వారాల రికార్డర్‌తో సహా, అయ్యాయి. అప్పుడప్పుడు ఎక్టోపిక్ బీట్స్ వస్తున్నాయి, ప్రమాదం లేదన్నారు. మెట్లెక్కడం మానేశాను, ఒంటరిగా బయటికి వెళ్లడం మానేశాను. కారణం తెలియని జబ్బుతో ఎలా బతకాలో చెప్పండి.

జవాబు: మీకు జరగవలసిన పరీక్షలు జరిగాయి, అది ముందుగా స్పష్టంగా చెబుతున్నాను, ఎందుకంటే ఇకపై నేను చెప్పేది దాని మీదే ఆధారపడి ఉంది. ఎక్టోపిక్ బీట్స్ అంటే వేళకు ముందే పడే అదనపు గుండె దెబ్బలు; గుండె కండరం, కవాటాలు బాగున్నవారిలో అవి అప్పుడప్పుడు వస్తే ప్రాణానికి ముప్పు లేదు. ముందుగా కొట్టుకున్న దెబ్బ మనకు తెలియదు, తర్వాతి విరామంలో గుండె ఎక్కువ రక్తంతో నిండి గట్టిగా కొట్టుకుంటుంది, ఆ ‘దబ్బు’ మాత్రమే తెలుస్తుంది. ఆగిపోయిందనిపించే క్షణం నిజానికి గుండె నిండుతున్న క్షణం.

రెండు సంగతులు మీ ఉత్తరంలో లేవు. మీ వయసులో నెలసరి ఆగిపోయే ముందు హార్మోన్ల మార్పుల వల్ల ఒళ్లంతా వేడి ఆవిర్లు, దడ, రాత్రి చెమటలు వస్తాయి. స్త్రీ వైద్యురాలిని అడిగారా? రాత్రి గురక పెడతారా, ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తారా? అది మీకు తెలియదు, ఇంట్లోవారినే అడగాలి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు గుండె లయను చెదరగొడుతుంది.

‘ఎంత పీల్చినా నిండదు’ అన్న అనుభూతి చాలాసార్లు ఊపిరి తక్కువై కాదు, ఎక్కువై వస్తుంది. పదేపదే నిట్టూరుస్తూ, నోటితో లోతుగా పీలుస్తూ ఉంటే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. దానివల్ల తల తేలికవడం, వేళ్ల తిమ్మిర్లు, ఛాతీ బిగుతు వచ్చి, ఇంకా పీల్చాలనిపిస్తుంది. ఊపిరి తీరును సరిచేసే ఫిజియోథెరపిస్టులు దీనికి బాగా సాయపడతారు. యోగా చేసేవారైతే కపాలభాతి, భస్త్రిక వంటి వేగపు క్రియలు ప్రస్తుతానికి ఆపి, నిదానంగా విడిచే పద్ధతులకే పరిమితం కండి.

మీలాంటి బాధ కొత్తది కాదు. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన సైనికుల్లో దడ, ఆయాసం, ఛాతీ నొప్పి ఉండి, గుండెలో ఏ లోపమూ కనిపించని వారి గురించి డా కోస్టా అనే వైద్యుడు 1871లోనే వివరంగా రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో థామస్ లూయిస్ అనే గుండె వైద్యుడు ఇలాంటి సైనికులను ఎందరినో చూశాడు. అంతకుముందు వారిని నెలల తరబడి మంచాన ఉంచేవారు. ఆయన మెట్టుమెట్టుగా పెంచే కసరత్తులు చేయించాడు, చాలామంది తిరిగి పనుల్లోకి వెళ్లగలిగారు. అతిగా విశ్రాంతి తీసుకుంటే కండరాలు, గుండె పని అలవాటు తప్పి, చిన్న శ్రమకే దడ పెరుగుతుంది. మెట్లు మానేసిన మూడేళ్లు మీ ఆయాసానికి కొంత కారణమై ఉంటాయి. రేపటి నుంచి సమతలం మీద, మాట్లాడుతూ నడవగలిగిన వేగంతో, పది నిమిషాలు నడవండి. మొదటి వారం ఇంట్లోవారిలో ఒకరు తోడు రండి అని అడగండి, తర్వాత సంజీవయ్య పార్కులో వారిని బెంచీ మీద కూర్చోబెట్టి మీరొక్కరే ఒక చుట్టు తిరిగి రండి. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచండి. దడ వస్తే ఆగి, నిమ్మళించాక మిగతా దూరం పూర్తి చేయండి, వెనుదిరిగి రావద్దు. స్పృహ తప్పినట్టయినా, ఛాతీ నొప్పి వచ్చినా మాత్రం ఆపి డాక్టరును కలవాలి.

భయం విషయంలో కూడా సాయం తీసుకోండి. దడ వస్తుందేమోనన్న భయంతో చోట్లు, పనులు ఒక్కొక్కటిగా వదులుకునేవారికి ఆలోచనలను, అలవాట్లను మెల్లగా మార్చే మాటల చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా పనిచేస్తుంది. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్తే జబ్బంతా మనసుదేనని ఒప్పుకున్నట్టవుతుందని చాలామంది వెనకాడతారు. మన ఊళ్లో ‘ఎర్రగడ్డ’ అన్న మాటను ఎగతాళికి వాడడం విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఆ ప్రాంతంలో మనసుకు వైద్యం చేసే ఆసుపత్రి, ఊపిరికి వైద్యం చేసే ఆసుపత్రి రెండూ ఉన్నాయి, రెండింటికీ వెళ్లవలసిన రోగులూ ఉన్నారు. ముందు ఫోనులో మాట్లాడి చూడాలనుకుంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ సహాయ కేంద్రం 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చివరగా, మీ ఫైలును మూసివేయవద్దు. ఒకే డాక్టరును ఎంచుకుని ఆరు నెలలకు ఒకసారి కలవండి. డాక్టరును మార్చిన ప్రతిసారీ పాత పరీక్షలే మళ్లీ మొదలవుతాయి. ఏ తేదీన ఏ పరీక్ష అయిందో, ఏం తేలిందో ఒకే కాగితం మీద రాసి ఉంచుకోండి. ఏటా హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. దడ తీరు మారితే, అంటే ఎక్కువ సేపు ఉండడం, లయ పూర్తిగా అడ్డదిడ్డం కావడం, శ్రమ చేసేటప్పుడే రావడం, కళ్లు తిరిగి పడిపోవడం జరిగితే, ఆరు నెలలు పూర్తయ్యేదాకా ఆగకుండా ఆ వారంలోనే వెళ్లండి. ఇది పాత జబ్బేనని అక్కడ ఎవరైనా అంటే, తీరు మారిందని చెప్పి ఆ కాగితం చూపించి మళ్లీ ఈసీజీ తీయమని అడగండి.